ఒంటేలు రాని వళ్ళెమ్మ

"అవ్వా, నీకు షుగరు వచ్చినప్పటి నుంచి ఒంటేలు సంగతి ఎట్లెట్ల మారిందో మొదటి నుంచి చెప్పు. మా క్లాసులో ఎవరైనా ఒక పేషంటు కథ రాసుకోని రమ్మన్నారు."

ఏం క్లాసుమే అది? నర్సు చదువుకని పంపిస్తే ముసిలోళ్ళ ఉచ్చ కథలు రాసుకోని రమ్మంటారా? సరే, అడిగినావు కాబట్టి చెప్తాను. రికార్డు చేసే ఆ ఫోను రవంత దూరంగా పెట్టు, నా గొంతు పెద్దది. మీ తాత తిన్నె మీద కూర్చోనుండాడు, చెవులు వినపడవు అంటాడు గానీ నేను ఆయన పేరెత్తితే అన్నీ వినపడతాయి. పేషంటు పేరు వళ్ళెమ్మ అనే రాయి, పరవాలేదు. నాకేం సిగ్గులేదు. ఒకప్పుడు ఉండింది, ఆ సిగ్గే నన్ను ఆస్పత్రి దాకా ఈడ్చుకోని పోయింది, అదే కథ.

మా నాయన తిరుత్తణి కొండకి కృత్తికకి కృత్తికకి పోయే మనిషి. నాకు వళ్ళెమ్మ అని, మా చెల్లెలికి దేవానమ్మ అని పేర్లు పెట్టినాడు. ఆ కొండ మీద సామి పెండ్లాల పేర్లే అవి, ఇద్దరూ మా ఇంట్లోనే. ఇంగ పోటీ లేకుండా ఎట్లుంటుంది చెప్పు. నాకు రెండు జడలేస్తే దానికీ రెండు జడలు, నన్ను కే.జీ.కండిగైలో ఇస్తే అది తిరువాలంగాడులో ఇయ్యమనింది, ఎందుకంటే ఆడ రైలు నిలస్తుంది, మనూర్లో నిలవదు. యాడో పోతా ఉన్నాను. షుగరు కదా నువ్వు అడిగింది.

అప్పుడు మీ అమ్మకి ఇంకా పెండ్లి కాలేదు. నేను బడిలో వంట పనిలో ఉన్నాను, పిలకాయలకి మధ్యాన్నం సాపాటు, సత్తుణవు అంటారే, అది. నేనూ మేరీ ఇద్దరం. మేరీ అంటే మన చర్చి పక్కింటి మేరీ, నీకు ప్రతి క్రిస్మసుకీ కేకు పంపిస్తుందే, ఆమే. నేను వండేది, అది తరిగేది. వద్దు, తప్పు, తరిగేది నేను, వండేది మేరీ. సాంబారు దాని చెయ్యే బాగుంటుంది, ఇప్పుడు ఆ మాట చెప్తే ఒప్పుకుంటాను, అప్పుడు ఒప్పుకోలేదు.

ఆ ఏడు ఎండాకాలం నాకు దప్పి పట్టుకునింది. ఎట్లాంటి దప్పి అనుకున్నావు, కడవలో చెంబు ముంచి పైకెత్తితే కింద పెట్టేది లేదు. తాగేది, పోయేది. తాగేది, పోయేది. బియ్యం కడిగే లోపల ఒకసారి, ఎసురు పెట్టినాక ఒకసారి, గంజి వంచినాక ఒకసారి. బడిలో ఆడోళ్ళకి కక్కూసు ఒకటే, దానికి తాళం, ఆ తాళం చెవి టీచరమ్మ బ్యాగులో. అందుకని నేను వంటకొట్టం వెనకాల సీమజాలి చెట్ల చాటుకి పోయేది. కొంగు దోపుకోని, బిరబిరా నడుచుకుంటా.

హెడ్మాస్టరు చూసినాడు. కొత్తగా వచ్చిన మనిషి, ఈ ఊరోళ్ళని ఇంకా నమ్మలేదు. ఈమె దినానికి ఇన్నిసార్లు కొంగు మూసుకోని వెనక్కి పోతా ఉండాది, కొంగులో గుడ్లు ఉండాయి అనుకున్నాడు. బడిలో పిలకాయలకి గుడ్లు పెట్టేది నిజమే. ఒక దినం నా వెనకాలే పిల్లిమాదిరి వచ్చేసినాడు. నేను చెట్ల మధ్య కూర్చుంటా ఉన్నాను, ఎండుటాకులు పరపరమన్నాయి, చూస్తే తెల్ల ప్యాంటు.

"సారూ, ఆడనే నిలబడండి. ఇంగొక్క అడుగు వేస్తే మీకూ మర్యాద ఉండదు, నాకూ ఉండదు" అన్నాను.

పాపం, ఆ మనిషి వెనక్కి తిరిగి పరిగెత్తినాడు చూడు, ముల్లు దిగి చెప్పు అక్కడే ఉండిపోయింది. నేనే చెప్పు తీసుకపోయి ఆయన గది ముందర పెట్టినాను. ఆయన తలెత్తలేదు. మరుసటి దినం నుంచి కక్కూసు తాళం చెవి మా వంటకొట్టంలో మేకుకి తగిలించి ఉండింది. అంతవరకు మంచిదే జరిగింది అనుకో.

మేరీ మాత్రం ఊరుకోలేదు. "అక్కా, నేను చెప్తే ఏమీ అనుకోవద్దు. నువ్వు కూర్చున్న తావున చీమలు తిరనాళ్ళ చేస్తా ఉండాయి. మా మామకి ఇట్లే ఉండె. అది షుగరు" అనింది.

నేను నవ్వేసినాను. కానీ మేరీ పట్టు పట్టి ఆస్పత్రికి తీసకపోయింది. రక్తం చూసినారు. షుగరే. డాక్టరు ఏం చెప్పినాడంటే, రక్తంలో చక్కెర జాస్తి అయితే ఒళ్ళు దాన్ని నీళ్ళల్లో కలిపి బయిటికి తోసేస్తుందంట. అందుకే అన్నిసార్లు ఒంటేలు. నీళ్ళు పోయినాయి కాబట్టి దప్పి. దప్పి అయింది కాబట్టి మళ్ళ నీళ్ళు. "నీళ్ళు తాగినందుకు ఒంటేలు వస్తా ఉంది అని నువ్వు అనుకుంటా ఉండావు, ఒంటేలు పోతా ఉంది కాబట్టే నువ్వు నీళ్ళు తాగతా ఉండావు" అన్నాడు. ఇంటికి వచ్చి మీ తాతతో చెప్పినాను, చెరుకు నాటింది నువ్వు, షుగరు మాత్రం నాకా అని. ఆయన, "ఫ్యాక్టరీకి పోవాల్సింది ఇంట్లోకి వచ్చినట్టుంది" అన్నాడు. అంత బాధలోనూ ఆ మనిషి అట్లే మాట్లాడతాడు.

మాత్రలు ఇచ్చినారు. వేసుకున్నాను. పది దినాలకి దప్పి తగ్గింది, పోయేది తగ్గింది. తగ్గినాక మాత్ర ఎందుకు చెప్పు? నేను ఆపేసినాను. మళ్ళ దప్పి వస్తే వేసుకునేది, పోతే ఆపేది. పెండ్లిలో పాయసం ఉంటే రెండు మాత్రలు ముందుగానే వేసుకోని పోయేది, పాయసానికి ఒకటి, లడ్డుకి ఒకటి. నవ్వొద్దు, నీ పుస్తకంలో రాయి, ఇట్ల చెయ్యగూడదు అని. కాళ్ళు మంటలు మండేది, సూదులు పొడిచినట్టు ఉండేది, దాన్ని వయసు అనుకున్నాను.

అట్లే ఏండ్లు పోయినాయి. మీ అమ్మ పెండ్లయింది, కవరైపేట్టై పోయింది, మీ నాయనకి ఆడ కంపెనీలో పని కదా. నువ్వు పుట్టినావు. ఇంగ ఇప్పుడు అసలు కథ.

ఏమయిందంటే, రవంత రవంతగా నాకు ఒంటేలుకి పోయే పనే తగ్గిపోయింది. పొద్దున లేస్తానే ఒకసారి, సందకాడ ఒకసారి. మధ్యలో నాకు గుర్తే రాదు. నేను ఏమనుకున్నాను? షుగరు పోయింది అనుకున్నాను. కాకరకాయ రసం తాగతా ఉన్నాను కదా, దాని మహిమ అనుకున్నాను. వీధిలో నలుగురికి చెప్పినాను కూడా. ఇద్దరు ముగ్గురు నా మాట విని చేదు తాగినారు పాపం.

చుట్టాల్లో ఒకామె కూతురు పెండ్లికి చీరలు తీయడానికి కంచికి వ్యానులో పోయినాము, పద్నాలుగు మంది ఆడోళ్ళం. దోవలో వ్యాను నిలిపితే అందరూ దిగి తోపులోకి పరిగెత్తేది. నేను దిగేదే లేదు. సీట్లో కాలు మీద కాలేసుకోని కూర్చోనుండేది. అందరూ బ్యాగులు నా ఒళ్ళో పెట్టిపోయేది. పట్టుచీరల అంగట్లో నాలుగు గంటలు. నాలుగు గంటలూ నేను లేవలేదు. దేవాన మూడుసార్లు లేచింది. అంగడి వాడికే విసుగు పుట్టి, "అమ్మా, మీరు చీర చూస్తారా, దోవ చూస్తారా" అన్నాడు.

"నీకు రాదా అక్కా?" అని దేవాన అడిగింది.

"వస్తుంది. నేను ఇప్పుడు వద్దు అంటే రాదు. అదంతా మనసు గట్టిదనంలో ఉంటుంది" అన్నాను.

ఆ మాట చెప్పింది నేనే. ఈ నోరే. దాని మొగం మాడిపోయింది, నాకు ఆ దినం కడుపు నిండిపోయింది. నిజంగానే నిండిపోయుండాది, అది నాకు తెలీదు.

ఆ దినం నుంచి చుట్టాల్లో నాకు పేరొచ్చేసింది. పెండ్లికి పోతే చాలు, ఆడోళ్ళందరూ బ్యాగులు తెచ్చి నా కాళ్ళకాడ పెట్టేది. "వళ్ళక్క లేవదు, ఆమెకాడ పెట్టండి" అనేది. నగల డబ్బాలు, సెల్ ఫోన్లు, పిల్లోళ్ళ పాలసీసాలు. నేను మహారాణి మాదిరి మధ్యలో. బ్యాంకు లాకరులో కూడా అంత నమ్మకంగా పెట్టరు. మీ తాత కూడా గొప్పగా చెప్పుకునేవాడు, మా ఇంటామెకి ఒంటేలే రాదు అని. ఏ మొగుడైనా అట్లాంటి గొప్ప చెప్పుకుంటాడా, అడుగు ఆయన్ని.

ఆ గొప్ప పోయిన దినం చెప్తాను. నీ తమ్ముడు ఉండాడే, వాడికి చెవులు కుట్టేదానికి తిరుత్తణికి వచ్చినారు మీరంతా. నీకు జ్ఞాపకం ఉండదు, నువ్వు ఆ దినం బెలూను కావాలని ఏడస్తా ఉన్నావు. కొండ మీద మండపంలో చాప పరుచుకోని కూర్చున్నాము. మేనమామ వరస దేవాన పెద్దకొడుకు, వాడి ఒళ్ళోనే కుట్టేది, వాడు గుండు గీయించుకోని రావాలి, తడవయింది. నేను మనవడ్ని ఒళ్ళో పెట్టుకోనుండాను. ఎవరో ఏదో చెప్తే నవ్వినాను, తుమ్ము వచ్చింది, నవ్వూ తుమ్మూ ఒకేసారి. చూస్తే చీర తడి. చాప కూడా.

నాకు ఏమీ తెలియలేదు పాపా, అది చూడు విచిత్రం. వస్తా ఉంది అని లేదు, పోయింది అని లేదు. తడి తగిలినాకే తెలిసింది. కాబట్టి నేను నిజంగానే పిల్లోడు అనుకున్నాను. "అయ్యో, వీడు పోసేసినాడే" అన్నాను.

మీ అమ్మ, "అమ్మా, వాడికి డైపరు వేసుండాను" అనింది.

"కారుంటుంది" అన్నాను.

మీ అమ్మ ఊరికే ఉండొచ్చు కదా. లేదు. అందరి ముందరా వాడ్ని ఎత్తి, డైపరు విప్పి, చెయ్యి పెట్టి చూసింది. అప్పుడే అంగట్లోంచి తెచ్చినట్టు ఉండాది, పొడిగా. అందరూ పిల్లోడ్ని చూసినారు, డైపర్ని చూసినారు, నా చీర చూసినారు.

"అక్కా, వాడు పొయ్యలేదే" అనింది దేవాన, మెల్లగా.

నేను ఏమన్నానో తెలుసా? "టెంకాయ నీళ్ళు" అన్నాను. ఆడ ఎవరూ అప్పటికి టెంకాయ కొట్టలేదు. టెంకాయ గుడ్డసంచిలో ఉండాది, పీచుతో. ఎవరూ ఏమీ అనలేదు. అదే జాస్తి బాధ. ఎవరైనా నవ్వుంటే నేనూ నవ్వేసుందును.

ఇంటికి వచ్చినాక మారిపోయినాను. తుమ్మితే తడి, దగ్గితే తడి, కూర్చోని లేస్తే తడి. దినమంతా బొట్లు బొట్లుగా. కానీ పోయి కూర్చుంటే మాత్రం రాదు, రవంత వచ్చి నిలిచిపోతుంది. పాత చీరలు చింపి మడత పెట్టుకునేది. వాసన వస్తుందేమోనని సాంబ్రాణి పట్టేది. మీ తాత, "ఏమే, దినామూ శుక్రవారమా?" అని అడిగినాడు. నీళ్ళు తాగేది మానేసినాను. తాగితేనే కదా తడి అని నా తెలివి. ఎండాకాలంలో, షుగరు మనిషి, దినానికి రెండు గ్లాసులు. బస్సెక్కేది లేదు, గుడికి పోయేది లేదు, మేరీ వచ్చి పిలిస్తే తలనొప్పి అనేది.

ఆ సమయంలోనే దేవాన పత్రిక తీసుకోని వచ్చింది. దాని చిన్నకొడుకు పెండ్లి, తిరుత్తణిలో మండపం. పసుపూ కుంకుమా పళ్ళెంలో పెట్టి, "అక్కా, నువ్వు ముందు దినమే రావాలి, నువ్వే పందిట్లో కూర్చోవాలి" అనింది. నేను రానన్నాను. మోకాళ్ళు అన్నాను.

"నీకు అడ్డం మోకాళ్ళా, నేనా?" అని అడిగింది అది. "నా కొడుకు పెండ్లి గొప్పగా జరగతా ఉండాదని నీకు కడుపు మంట. చిన్నప్పటి నుంచి అంతే నువ్వు."

పళ్ళెం ఆడనే పెట్టేసి పోయింది. నేను పిలవలేదు. లేచి వెనకాలే పోదామంటే చీర ఎట్లుండాదో నాకే తెలీదు. ఆ దినం ఏడ్చినాను పాపా. నిజం చెప్తే పోయేది, నాలుగు మాటలు. ఆ నాలుగు మాటలు మాత్రం నోట్లోకి రాలేదు.

వారం దాటలేదు, చలిజొరం వచ్చింది. పళ్ళు టకటకలాడేట్టు వొణుకు. మూడు దుప్పట్లు కప్పినారు. పొత్తికడుపు ఉబ్బిపోయుండాది, ఇట్ల, గుమ్మడికాయ మాదిరి. పక్కింటి రంగమ్మ వచ్చి చూసి, "ఏం వళ్ళెమ్మా, ఈ వయసులో నెల తప్పినావా" అని వేళాకోళం చేసింది, మళ్ళ బయిటికి పోయి మీ తాతతో, గడ్డ అయింటుంది, పెద్ద ఆస్పత్రికి పోండి అని చెప్పింది. ఆ మనిషి మొగంలో నెత్తురు లేదు. నా చెప్పులు తెచ్చి నా కాళ్ళకి తానే తొడిగినాడు. నలభై ఏండ్ల కాపురంలో ఆ దినమే మొదటిసారి.

మేరీ కూడా వచ్చింది. తిరుత్తణి దాకా షేరు ఆటో, ఆడ నుంచి కరెంటు రైల్లో తిరువళ్ళూరు. ఆస్పత్రిలో ఒక చిన్న వయసు డాక్టరమ్మ. మన తట్టు పిల్లే, తెలుగు తమిళం రెండూ కలిపి మాట్లాడింది. కడుపు మీద చెయ్యి పెట్టి తట్టింది. నా ఒంటేలు సంగతి అడిగింది. నేను పొద్దున పోయినాను అన్నాను. "సరే, ఇప్పుడు పోవాలని అనిపిస్తా ఉందా?" అని అడిగింది.

"లేదే."

"రవంత కూడా?"

"లేదమ్మా. నాకు ఎప్పుడూ రాదు. మనసు గట్టిది" అన్నాను, ఆ జొరంలోనూ.

ఆ పిల్ల నవ్వలేదు. స్కాను తీసింది. తీసి, నర్సుని పిలిచి ట్యూబు పెట్టమనింది. పెట్టినారు. ఇంగ వచ్చింది చూడు. సంచి నిండింది. నర్సు ఇంకో సంచి తెచ్చింది. అదీ సగం దాటింది. ఒకేసారి అంతా తీయగూడదని నిలిపి నిలిపి తీసినారు. ఆ పక్క మంచంలో ఉన్న ఆమె లేచి కూర్చోని చూస్తా ఉండాది. గుమ్మడికాయ పోయింది, కడుపు చాపమాదిరి పడిపోయింది. మీ తాత ఆ సంచుల్నే చూస్తా నిలబడినాడు. ఆ ఏడు మా బోరు ఎండిపోయుండె, మూడు తావుల వేసినా నీళ్ళు పడలేదు. ఆయన మెల్లగా అన్నాడు, "ఇన్ని నీళ్ళు మన బోర్లో పడుంటే చెరుకు నిలిచుండును."

డాక్టరమ్మ అప్పుడు నవ్వింది. నవ్వి నవ్వి, కూర్చోని చెప్పింది. ఇది నువ్వు బాగా రాసుకో. షుగరు ఏండ్ల తరబడి జాస్తిగా ఉంటే నరాలు దెబ్బతింటాయంట. కాళ్ళల్లో నరాలు ఎట్లో, ఒంటేలు సంచి నరాలు కూడా అట్లే. సంచి నిండింది అని మెదడుకి కబురు పోదు. పిండి బయిటికి తోసే బలం కూడా పోతుంది. పోయి కూర్చున్నా సగమే వస్తుంది, మిగతాది లోపలే నిలవ. నిలవ నీళ్ళల్లో పురుగు పడుతుంది, అదే చలిజొరం. నిండి నిండి జాగా లేనప్పుడు తుమ్మితే దగ్గితే పొర్లి బయిటికి వస్తుంది, అదే తడి.

"నీకు ఒంటేలు రాకపోవడం గట్టిదనం కాదవ్వా, నీకు తెలియకపోవడం. ఇంగ కొన్నాళ్ళు ఇట్లే వదిలేసుంటే కిడ్నీ దాకా పోయుండును" అనింది.

నేను మేరీ తట్టు చూడలేకపోయినాను. అన్నేండ్లు బ్యాగుల మధ్య కూర్చోని గొప్పలు పోయినానే, అదంతా రోగమా. మేరీ నా చెయ్యి పట్టుకోని, "పోనీలే అక్కా, ఎవరి బ్యాగూ పోలేదు కదా" అనింది.

జొరం తగ్గేదాకా ఆడనే పెట్టుకున్నారు. ట్యూబుతోనే ఇంటికి పంపించినారు, ఇంకొన్ని దినాలు ఉండాలి అని. ఆ సంచిని ఎట్ల తెచ్చేది? మీ తాత ఏదో పెండ్లిలో ఇచ్చిన పసుపు గుడ్డసంచి తెచ్చినాడు, మీద పెండ్లికూతురు పెండ్లికొడుకు పేర్లు ముద్ర వేసుండాయి. ఆ సంచిలో ఈ సంచి. రైల్లో జనం. ఒక కాలేజీ పిల్ల లేచి నాకు సీటిచ్చింది. మంచి పిల్ల. అంతటితో ఊరుకోలేదు, అరవంలో అవ్వ వరస పెట్టి, "పాట్టీ, సంచి ఇట్లా ఇవ్వండి, పైన పెడతాను" అని చెయ్యి చాపింది.

నర్సు ఏమో, సంచి నడుము కన్నా కిందే ఉండాలి, పైకెత్తితే పోయింది మళ్ళ లోపలికి వస్తుంది అని చెప్పి పంపించింది. నేను రెండు చేతుల్తో పట్టుకున్నాను. ఆ పిల్ల లాగతా ఉండాది, "పరవాలేదు పాట్టీ, నేను చూసుకుంటాను" అని. నేను వదలను. చివరికి చెప్పేసినాను, "పాపా, ఇది నాకు అతుక్కోనుండాది." ఆ పిల్లకి అర్థం కాలేదు, ఈ ముసిలామెకి సంచి మీద ఎంత ఆశో అనుకునింటుంది. మీ తాత కిటికీ తట్టు తిరిగి భుజాలు ఊపతా నవ్వినాడు.

ట్యూబు తీసినాక డాక్టరమ్మ చెప్పింది, ఇంగ నీకు అనిపించేదాని కోసం కాచుకోవద్దు, గడియారం చూసి పో. మూడు గంటలకి ఒకసారి, వచ్చినా రాకపోయినా. కూర్చో, ముందుకి వంగు, తొందరపడొద్దు. అయినాక లేసి రెండు నిమిషాలు నిలబడి మళ్ళ కూర్చో, మిగిలింది వస్తుంది. నీళ్ళు మానొద్దు. మాత్ర ఆపొద్దు. అప్పుడప్పుడూ వచ్చి స్కాను చూపించు, ఇట్ల కుదరకపోతే చిన్న ట్యూబు నువ్వే పెట్టుకునేది నేర్పిస్తాను అనింది. నాకు ఆ అవసరం రాలేదు, ఇంతవరకు.

గడియారం పని మీ తాత తీసుకున్నాడు. చెరుకు పోయినాక ఆ మనిషికి వేరే పని లేదు. పొద్దున ఆరు, తొమ్మిది, పన్నెండు, మూడు. తిన్నె మీద నుంచి, "వళ్ళీ, తొమ్మిదయింది" అని కేకేసేది. వీధికంతా తెలిసిపోయింది. రంగమ్మ ఆ కేక విని పొయ్యి మీద పాలు పెట్టేది. ఒక దినం నేను పదింటికి బయిట నిలబడుంటే, దోవన పోయే పాలవాడు, "ఏం పెద్దమ్మా, అయిందా" అని అడిగినాడు. నిజం చెప్పాలంటే, ఇంగ దాచేదానికి ఏమీ మిగల్లేదు. దాచేది లేకపోతే ఎంత తేలిగ్గా ఉంటుందో.

పెండ్లికి ఇంకా దినాలు ఉండాయి, అప్పుడు నేనే తిరువాలంగాడు పోయినాను, దేవాన ఇంటికి. వాకిట్లోనే చెప్పేసినాను, "మోకాళ్ళు కాదు దేవానా, ఒంటేలు. ఆ దినం కొండ మీద పోసింది నేనే, పిల్లోడు కాదు." "టెంకాయ నీళ్ళు అన్నావే" అనింది అది. అంతే, ఇద్దరమూ నవ్వడం మొదలుపెట్టినాము, నవ్వు నిలవలేదు, నేను మధ్యలో లేసి బాత్రూముకి పోవాల్సొచ్చింది. అది బయిటే నిలబడి, "మెల్లగా కానీ, మెల్లగా కానీ" అంటా ఉండాది. లోపల నేను, బయిట అది, ఇద్దరమూ ఏడస్తా ఉండాము.

పెండ్లికి పోయినాము. ముహూర్తం తొమ్మిదింటికి. గుర్తుపెట్టుకో, తొమ్మిదింటికి. నేను పందిట్లో దేవాన పక్కన. మీ తాత మొగోళ్ళ తట్టు, ముందర వరసలో, మేళంవాళ్ళ పక్కన. తాళి కట్టేటప్పుడు ఎవరో పెద్దమనిషి చెయ్యెత్తి వేలు ఆడిస్తే గట్టిమేళం వాయిస్తారు కదా, అదే వాళ్ళకి సైగ. మీ తాత ఏం చేసినాడు? గడియారం చూసినాడు, తొమ్మిది కావస్తా ఉండాది, నేను ఆయన తట్టు చూడ్డం లేదు. చెయ్యెత్తినాడు. వేలు ఆడించినాడు.

డమడమడమ అని మేళం లేచిపోయింది. జనం అక్షింతలు విసిరేసినారు. పెండ్లికొడుకు ఉలిక్కిపడినాడు, తాళి ఇంకా టెంకాయ మీదే ఉండాది, అయ్యవారు పెద్దోళ్ళకి చూపించేదానికి పంపిస్తా ఉండాడు. ఆయన మంత్రం నిలిపి, "ఎవరయ్యా సైగ చేసింది?" అని అరిచినాడు. మీ తాత చెయ్యి దించేసి పైన ఫ్యాను చూస్తా కూర్చున్నాడు.

నాకు అర్థమయింది. లేచి పోయినాను. పోయి కూర్చున్నాను గానీ మనసంతా పందిట్లో. ఒకసారి అయింది, లేచి వచ్చేద్దామా అనుకున్నాను, మళ్ళ డాక్టరమ్మ మాట, రెండు నిమిషాలు నిలబడు, మళ్ళ కూర్చో. నిలబడినాను. తాళి కట్టేస్తారు, నా చెల్లెలి కొడుకు, నేను బాత్రూములో ఉండాను అని ఒకటే బాధ. మళ్ళ కూర్చున్నాను. బయిట మేళం లేదు, మంత్రం లేదు, ఏ సద్దూ లేదు.

చెయ్యి కడుక్కోని వస్తే చూడు పాపా, పందిరంతా నా తట్టే చూస్తా ఉండాది. అయ్యవారు తాళి పట్టుకోని కూర్చోనుండాడు. దేవాన లేచి నిలబడుండాది, నడుము మీద చెయ్యి పెట్టుకోని. నేను లేచి పోతానే అది అయ్యవారితో చెప్పిందంట, మూడొందల మంది వినేట్టు: "మా అక్క బాత్రూముకి పోయుండాది. ముహూర్తం ఇంకా ఉండాది కదా. ఆమె వచ్చినాకే ముడి."

అయ్యవారు, "ఎంతసేపమ్మా" అన్నాడంట.

"ఆమె రెండుసార్లు కూర్చోవాల. ఆగండి" అనిందంట.

నేను వచ్చి దాని పక్కన నిలబడినాను. అది నా చెయ్యి పట్టుకునింది. అప్పుడు కట్టినారు తాళి. మీ తాతని మాత్రం చెయ్యి ఎత్తనియ్యలేదు, ఇద్దరు మొగోళ్ళు చెరొక పక్క కూర్చున్నారు.

భోజనాలకాడ యథాప్రకారం బ్యాగులు తెచ్చినారు ఆడోళ్ళు. నేను వద్దన్నాను. "నాకు రాదు అని చెప్పిందంతా అబద్ధం, అది రోగం, నేను కూడా పోవాల" అని అందరికీ చెప్పినాను. కొందరు నవ్వినారు. నవ్వనీ. చేతులు కడిగే తావున ఒకామె నా కొంగు లాగి, "అక్కా, నాకూ తుమ్మితే... నాకూ షుగరు ఉండాది" అనింది. ఇంకొకామె పెండ్లి బండి ఎక్కినాక చెప్పింది. అందరిదీ నాలాంటిదే కాదులే, ఒకరికి ఒట్టి మంట, ఒకరికి పిల్లోళ్ళు పుట్టినాక వచ్చిన బలహీనం. కానీ ఒక్కరూ ఇంట్లో చెప్పుకోలేదు. ఆ నెలలో మేమంతా కలిసి తిరువళ్ళూరు రైలెక్కినాము, ఆరుగురు. డాక్టరమ్మ మమ్మల్ని చూసి, "ఏమవ్వా, ఊరేగింపా" అనింది.

నాకు ఆ కబురు మళ్ళ రాలేదు పాపా. ఈ పొద్దుకీ నిండింది అని నాకు తెలీదు. ఆ నరం అట్లే పోయింది. షుగరు ఇప్పుడు చెప్పిన మాట వింటా ఉండాది, సూది కూడా వేసుకుంటాను. జొరం మళ్ళ ఒక్కసారే వచ్చింది. ఇంగేం కావాల. వయసు అయింది, చూపు రవంత... ఏం చెప్తా ఉన్నాను?

ఆ, నువ్వు నర్సు అవుతావు కదా. మంచిగా ఉండు నాయనా. నీ దగ్గరికి వచ్చే ముసిలోళ్ళు నీకు అబద్ధం చెప్తారు, అన్నీ సరిగ్గా ఉండాయి అంటారు. కోపం చేసుకోవద్దు. తలుపు మూసి, రవంతసేపు ఊరికే కూర్చో వాళ్ళకాడ, వాళ్ళే చెప్తారు. నీ చేతులు ఎప్పుడూ వెచ్చగా ఉండాల. ఆస్పత్రికి భయపడి వచ్చిన ఆడదానికి మొదట తగిలేది నర్సు చెయ్యే, అది చల్లగా ఉంటే ప్రాణం జివ్వుమంటుంది. ఇట్ల తే నీ చెయ్యి, చూస్తాను. ఆ. వెచ్చగానే ఉండాది. చల్లగా బతుకు తల్లీ, చేతులు మాత్రం వెచ్చగా...